మొసళ్ల చెరువు గట్టు మీద పిల్లల సంచి: బ్రేజోస్ బెండ్ స్టేట్ పార్కులో జూనియర్ రేంజర్ ఏర్పాటు

టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ తన పరిధిలోని చాలా స్టేట్ పార్కుల్లో పిల్లల కోసం ఒక వీపుసంచిని ఉచితంగా అరువిస్తుంది. దానికి ఎక్స్‌ప్లోరర్ ప్యాక్ అని పేరు. ఒక బైనాక్యులర్, ఒక భూతద్దం, పెన్సిళ్లు, రంగులు, జంతువుల అడుగుజాడలను పోల్చి చూసుకునే పట్టిక, పక్షులనూ మొక్కలనూ గుర్తుపట్టడానికి పనికివచ్చే చిన్న పుస్తకాలు అందులో ఉంటాయి. పార్కును బట్టి వస్తువులు కొద్దిగా మారుతుంటాయి. దానికి తోడుగా జూనియర్ రేంజర్ పుస్తకం ఒకటి ఉంటుంది. అందులో చెప్పిన పనులు పూర్తిచేసి చూపించిన పిల్లల చేత ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. హ్యూస్టన్‌కు నైరుతి దిక్కున సుమారు 45 మైళ్ల దూరంలో, నీడ్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర ఉన్న బ్రేజోస్ బెండ్ స్టేట్ పార్కులో మా ఇద్దరు పిల్లలతో ఈ సంచిని వాడి చూశాక, ఇది ఎవరికి పనికివస్తుంది, ఎంతవరకు పనికివస్తుంది అన్నది రాయాలనిపించింది. హ్యూస్టన్ శివారు ఊరైన షుగర్ లాండ్‌లోనూ ఆ చుట్టుపక్కలా ఇన్ని వేల తెలుగు కుటుంబాలు ఉన్నా, ఆ పార్కులో తెలుగు మాట చెవిన పడటం ఇంకా అరుదుగానే ఉంది.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. సంచి మంచిదే. అయితే అందులో ఉన్న వస్తువులన్నీ కలిపినా అంగడిలో పెద్ద ఖరీదు చేయవు; ఇంట్లో ఉన్నవాటితోనే అలాంటి సంచి మనమూ కట్టుకోవచ్చు. ఈ ఏర్పాటు చేసే అసలు మేలు ఏమిటంటే, పార్కు అనగానే పరుగెత్తడానికీ జారుడుబల్లకూ అలవాటుపడిన పిల్లలకు ఒకచోట నిలబడి చూడవలసిన పని ఒకటి అప్పగించడం. పుస్తకంలో గీయవలసిన బొమ్మ కోసం ఒక ఆకును తిప్పి చూడాలి, రాయవలసిన శబ్దం కోసం నోరు మూసుకుని వినాలి. ‘అల్లరి చేయకు, చూడు’ అని మనం పదిసార్లు చెప్పినా జరగని పని, రేంజర్ చేతుల మీదుగా వచ్చిన కాగితం చెబితే జరిగిపోతుంది. తల్లిదండ్రులుగా కొంచెం చిన్నబుచ్చుకోవలసిన సంగతే అయినా, నిజం అదే.

ఇక పార్కు సంగతి. 1984లో ప్రజలకు తెరిచిన ఈ పార్కు విస్తీర్ణం దాదాపు 5 వేల ఎకరాలు. బ్రేజోస్ నది వంపు తిరిగే చోట పల్లపు నేల, నిలవ నీటి చెరువులు, గడ్డి మైదానం, నది ఒడ్డు అడవి అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉండటం వల్ల, 300కు పైగా పక్షి జాతులను ఇక్కడ నమోదు చేశారు. కారు దిగగానే పిల్లల కళ్లకు మొదట తగిలేవి పక్షులు కావు, చెట్లు. లైవ్ ఓక్ అనే పెద్ద చెట్ల కొమ్మల నుంచి బూడిద రంగు పీచు జడలు జడలుగా వేలాడుతుంటుంది. దాన్ని స్పానిష్ మాస్ అంటారు గాని అది నాచు కాదు, అనాస కుటుంబానికి చెందిన పూలమొక్క. చెట్టు నుంచి ఆహారం లాక్కోదు, గాలిలోని తేమతోనూ వాన నీటితోనూ బతుకుతుంది. రాలి కింద పడిన పీచును భూతద్దం కింద పెడితే దాని ఒంటి నిండా సన్నని పొలుసులు కనబడతాయి. ఆ పొలుసులే నీటిని పట్టి ఉంచేవి. మా ఏడేళ్ల అమ్మాయి ‘అనాసపండుకు ఇది చుట్టమా?’ అని వాళ్ల నానమ్మను అడిగింది. ఆవిడకు తెలియదు, నాకూ తెలియదు; సంచిలోని పుస్తకంలో లేని సంగతిని మాకు చెప్పినది, పార్కులోని జీవుల గురించి చూపించి వివరించే నేచర్ సెంటర్‌లోని వాలంటీర్.

కాని ఈ పార్కుకు జనం వచ్చేది మొసళ్ల కోసం. అమెరికన్ ఆలిగేటర్లు అనే ఈ మొసళ్లు ఇక్కడ బోనులో ఉండవు, కంచె వెనుక ఉండవు. ఎల్మ్ లేక్, 40 ఏకర్ లేక్ అనే చెరువుల చుట్టూ ఉన్న కాలిబాటల పక్కనే గట్టు మీద ఎండ కాచుకుంటూ పడుకుని ఉంటాయి, ఒక్కొక్కసారి బాట మీదికే వచ్చి పడుకుంటాయి. వీటిలో పెద్ద మగవి 12 అడుగులకు పైగా పెరుగుతాయి. 1967లో అంతరించిపోయే జాతుల జాబితాలో చేరి, రక్షణ దొరికాక తిరిగి పుంజుకుని, 1987లో ఆ జాబితా నుంచి బయటపడిన జంతువు ఇది. అంటే మా తరం చిన్నతనం దాకా అది ప్రమాదంలో ఉన్న జీవి. ఏనుగు కాలు పట్టిన మొసలి కథ తప్ప మొసలి గురించి మరేమీ తెలియని మా పిల్లలకు, అసలు మొసలి రోజులో ఎక్కువ భాగం ఏమీ చేయకుండా పడి ఉంటుందని తెలియడమే పెద్ద ఆశ్చర్యం. ‘బొమ్మా?’ అని మా నాలుగేళ్ల వాడు అడిగిన తర్వాత, అది కన్ను మూసి తెరవడం చూడటానికి వాడు నిలబడినంతసేపు వాడు మరెక్కడా నిలబడగా నేను చూడలేదు.

ఇక్కడి నియమాలు స్పష్టంగా రాసి ఉంటాయి. మొసలికి కనీసం 30 అడుగుల దూరంలో ఉండాలి. దానికి తిండి వేయడం చట్టరీత్యా నేరం. చెరువుల్లో దిగి ఈతకొట్టకూడదు. కుక్కను తెచ్చుకుంటే 6 అడుగులకు మించని తాడుతో కట్టి ఉంచాలి, నీటి దగ్గరికి పోనివ్వకూడదు. మొసలి బుసకొడితే మనం మరీ దగ్గరికి వచ్చామని అర్థం. మెల్లగా వెనక్కి నడవాలి. బాటకు అడ్డంగా పడుకుని ఉంటే రాయి విసరడం, కర్రతో అదిలించడం పనికిరాదు, వచ్చిన దారినే తిరిగి వెళ్లాలి. ఈ నియమాలలో తిండి గురించినది పిల్లలకు కారణంతో సహా చెప్పదగ్గది: మనిషి చేతి నుంచి తిండి అందుకున్న మొసలి మనిషంటే భయం పోగొట్టుకుంటుంది, అలా భయం పోయిన మొసలిని చివరికి అక్కడ ఉండనివ్వరు. మనం దయ అనుకుని విసిరిన రొట్టెముక్క దాని ప్రాణానికే ముప్పు తెస్తుందన్నమాట. గుళ్లో కోనేటి చేపలకు మరమరాలు వేసే అలవాటున్న ఇంటి పిల్లలకు ఈ సంగతి కారు దిగకముందే చెప్పడం మంచిది.

30 అడుగులంటే ఎంతో చిన్న పిల్లలకు అంతుపట్టదు, పెద్దలకూ సరిగ్గా తెలియదు. ఒకదాని వెనుక ఒకటి నిలిపిన రెండు కార్ల పొడవు అని చెప్పి, పార్కింగ్ స్థలంలోనే అడుగులు వేయించి చూపిస్తే ఆ తర్వాత గట్టు మీద ప్రతిసారీ హెచ్చరించే అవసరం చాలావరకు తగ్గుతుంది. సంచిలోని బైనాక్యులర్‌కు అర్థం వచ్చేది కూడా ఇక్కడే. దగ్గరికి వెళ్లవద్దు అని ఆపడంతో సరిపెట్టకుండా, దూరం నుంచే దగ్గరగా చూసే సాధనాన్ని చేతిలో పెట్టడం ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన. జంతువును ప్రేమించడమంటే ముట్టుకోవడం, ఫొటో దిగడం అని మన ఫోన్లు పిల్లలకు నేర్పిన దానికి ఇది సరైన విరుగుడు.

అయితే బైనాక్యులర్ వాడకం నేర్పకుండా చేతికిస్తే దాని వల్ల విసుగే మిగులుతుంది. రెండు గొట్టాల మధ్య దూరాన్ని పిల్లల కళ్లకు తగినట్టు దగ్గరికి మడిచి, ముందు ఉత్త కళ్లతో ఆ పక్షిని చూపించి, దాని మీద నుంచి చూపు మరల్చకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోమని చెప్పాలి. ఆరేడేళ్లు దాటిన పిల్లలకు ఇది కాసేపట్లో పట్టుబడుతుంది. అంతకన్న చిన్నవాళ్లకు పట్టుబడదు. వాళ్లకు భూతద్దమే సరైనది. మా వాడికి మొసలి తర్వాత నచ్చినది ఓక్ చెట్టు బెరడు మీది చీమల బారే గాని ఏ పక్షీ కాదు, అందులో తప్పేమీ లేదు.

అడుగుజాడల పట్టికను చాలామంది తెరవకుండానే తిరిగి ఇచ్చేస్తారనుకుంటాను. అది పొరపాటు. వాన పడిన మర్నాడు చెరువు గట్టు మీది మెత్తని మట్టిలో జింక గిట్టల జంట ముద్రలు, చిన్న పిల్లవాడి అరచేతిలా ఐదు వేళ్లతో కనిపించే, రకూన్ అనే చిన్న జంతువు జాడలు, అడవి పందులు మట్టిని తవ్విపోసిన చోట్లు దొరుకుతాయి. జంతువులు ఎక్కువగా రాత్రిపూట తిరిగేవి కాబట్టి వాటిని చూడలేని పిల్లలకు, అవి ఇక్కడి నుంచే నడిచి వెళ్లాయన్న సాక్ష్యం చేతికందినట్టవుతుంది. గడ్డిలో ముక్కుతో తవ్వుకుంటూ పోయే, ఒంటి మీద గట్టి పెంకు ఉన్న ఆర్మడిల్లో అనే జంతువు మాత్రం పగటిపూట కూడా అప్పుడప్పుడు ఎదురవుతుంది. ఇక్కడి తొమ్మిది పట్టీల ఆర్మడిల్లో సాధారణంగా ఒకే అండం నుంచి ఏర్పడిన నలుగురు అచ్చుగుద్దినట్టుండే పిల్లలను ఒకే కాన్పులో కంటుందని చెబితే, కవలల గురించి తెలిసిన పిల్లలు చాలాసేపు ఆ లెక్కలోనే మునిగిపోతారు.

పక్షుల విషయంలో తెలుగు పిల్లలకు, ముఖ్యంగా వారితో వచ్చిన తాతలకూ నానమ్మలకూ ఇక్కడ ఒక అనుకూలత ఉంది. గట్టు మీద కదలకుండా నిలబడిన తెల్ల కొంగలు వారికి కొత్త కాదు. కొల్లేరులోనో తమ ఊరి చెరువులోనో తెడ్డులాంటి ముక్కుతో నీటిని అటూఇటూ కోస్తూ మేసే తెల్లని కొంగను చూసినవారు, అదే ముక్కుతో గులాబీ రంగులో ఉన్న రోజియేట్ స్పూన్‌బిల్‌ను ఇక్కడ చూసి వెంటనే పోల్చుకుంటారు. ఆ గులాబీ రంగు దానికి పుట్టుకతో పూర్తిగా వచ్చినది కాదు, అది తినే రొయ్యల వంటి జీవులలోని వర్ణద్రవ్యాల నుంచి వస్తుంది. పాములా మెడ ఒక్కటే నీటి పైకి పెట్టి ఈదే అన్‌హింగా అనే పక్షి, ఈకలు నీటిలో తడిసిపోతాయి కాబట్టి బయటికి వచ్చి కొమ్మ మీద రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటుంది. మన దేశపు చెరువుల్లోనూ దాని దగ్గరి బంధువు ఉంది. పొడవాటి కాలివేళ్లతో నీటి మొక్కల ఆకుల మీద నడిచిపోయే ఊదారంగు గాలిన్యూల్ అనే నీటికోడిని చూసి మా అత్తగారు తమ ఊరి చెరువులోని నీటికోళ్ల కథ ఎత్తుకున్నారు. పుస్తకంలో ‘ఈ రోజు నేర్చుకున్న కొత్త సంగతి’ కింద మా అమ్మాయి రాసుకున్నది ఆ ఊరి కథనే.

ఇక్కడొక లోటు చెప్పాలి. పుస్తకాలు చదవగలిగిన పిల్లలనూ, ఇంగ్లీషులో చదివి వివరించగలిగిన పెద్దలనూ దృష్టిలో పెట్టుకుని ఈ సంచిని తయారుచేశారు. పిల్లలను వెంటబెట్టుకుని తిరిగేది తాతగారో అమ్మమ్మగారో అయిన మన కుటుంబాల్లో, సంచిలోని ఆ భాగం మూలన పడిపోతుంది. అందుకు శాఖను తప్పుపట్టలేం. కాని తల్లిదండ్రులలో ఒకరు ముందు రోజు రాత్రి శాఖ వెబ్‌సైటులో జూనియర్ రేంజర్ వివరాలూ పార్కు పటమూ ఒకసారి చూసి పెట్టుకుంటే, మర్నాడు తాతగారి దగ్గర ఉన్న జ్ఞానం కూడా పనికివస్తుంది. పెద్దవాళ్లకు పక్షుల ఇంగ్లీషు పేర్లు రాకపోవచ్చు. ఏది ఎక్కడ మేస్తుంది, ఏది గూడు కట్టే కాలం, ఏ కూత దేనిది అన్నది పొలాల దగ్గర పెరిగిన వారికి తెలిసినంత ఆ పుస్తకాలకు తెలియదు.

నేచర్ సెంటర్‌ను మొదట చూడాలా, చివర చూడాలా అన్నదానిపై నాకు గట్టి అభిప్రాయమే ఉంది: మొదటే చూడాలి. స్థానికంగా దొరికే పాములు, చిన్న మొసళ్లు, చేపల తొట్టె అక్కడ ఉన్నాయి. మొసలి పుర్రె, చర్మం వంటివి చేత్తో పట్టుకుని చూడవచ్చు. కొన్ని సమయాల్లో వాలంటీర్ ఒక చిన్న మొసలి పిల్లను పట్టుకుని, దాని వీపు మీద వేలితో తాకనిస్తారు. బయట 30 అడుగుల నియమం, లోపల తాకనివ్వడం పిల్లలను తికమకపెట్టవా అని నాకు ముందు అనుమానం కలిగింది. పిల్లలు తికమకపడలేదు. తాకాలన్న ఆరాటం అక్కడ తీరిపోవడం వల్ల గట్టు మీద వాళ్లు ఇంకా నెమ్మదిగా ఉన్నారు. మొసలి గుడ్లు పొదిగే గూటి వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుందని, సుమారు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆడవి, 33 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగవి పుడతాయని అక్కడే వివరిస్తారు. కుళ్లుతున్న ఆకులూ గడ్డీ పోగుచేసి తల్లి కట్టిన గూడు, ఆ కుళ్లే వేడితో దాదాపు 65 రోజులు గుడ్లను పొదుగుతుంది. పసుపు పట్టీలతో వేసవి చివర్లో బయటికి వచ్చిన పిల్లలను తల్లి కాపలా కాస్తుంది కాబట్టి ఆ కాలంలో గట్టు మీద మరింత దూరం పాటించాలి.

నేచర్ సెంటర్ దగ్గరే మొదలయ్యే క్రీక్‌ఫీల్డ్ లేక్ కాలిబాట అర మైలు పొడవు ఉంటుంది, గట్టిగా చదును చేసి ఉంటుంది. తోపుడు బండిలో పసిపిల్లలు ఉన్నవారికీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకూ, చక్రాల కుర్చీ వాడేవారికీ నేను సూచించేది ఇదే. చూపు లేనివారు తడిమి తెలుసుకునేలా కంచు శిల్పాలతో తయారుచేసిన పలకలు దారి పొడవునా ఉన్నాయి. చూపున్న పిల్లలు కూడా వాటిని వదలరు. కాస్త నడవగలిగిన పిల్లలైతే 40 ఏకర్ లేక్ చుట్టూ ఒక మైలు పైచిలుకు తిరిగి, దాని చివర చుట్టూ చూడటానికి కట్టిన ఎత్తైన మంచె ఎక్కితే చెరువూ చిత్తడి నేలా రెండూ ఒకేసారి కనబడతాయి. ఎల్మ్ లేక్ బాట ఇంకొంచెం పొడవు. రెండూ ఒకే రోజు పెట్టుకోవడం పిల్లలకు శిక్షే అవుతుంది.

పార్కులోనే ఉన్న జార్జ్ అబ్జర్వేటరీ అనే నక్షత్ర పరిశీలన కేంద్రాన్ని హ్యూస్టన్ సహజ విజ్ఞాన మ్యూజియం నడుపుతుంది. 36 అంగుళాల టెలిస్కోపు అక్కడ ఉంది. శనివారం రాత్రులు ప్రజలను చూడనిస్తారు, టికెట్టు వేరు. జూనియర్ రేంజర్ సంచికి దానితో సంబంధం లేదు గాని, పగలంతా తిరిగిన పిల్లలు రాత్రి దాకా మెలకువగా ఉంటారన్న ఆశ పెట్టుకోవద్దు.

ఎప్పుడు వెళ్లాలి? అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా అన్నది నా సమాధానం. చలికాలంలో ఎండ కాసిన రోజున మొసళ్లు గట్టెక్కుతాయి, వలస పక్షులు చెరువుల నిండా ఉంటాయి, దోమలు తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో మగ మొసళ్లు జతకోసం గర్జిస్తాయి. ఆ గర్జనకు ముందు వెలువడే, మన చెవికి అందని అదురుకు వాటి వీపు మీది నీరు చిన్నచిన్న బొట్లుగా ఎగిరిపడుతుంది. తెల్లవారగానే వెళ్లినవారికే ఆ దృశ్యం దక్కుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా హ్యూస్టన్ ఉక్కపోత గురించి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ నెలల్లో వెళ్లవలసివస్తే పార్కు తెరవగానే వెళ్లి పదిగంటలకల్లా తిరుగుముఖం పట్టాలి. నీళ్లు, టోపీ, దోమల మందు, కాలివేళ్లు కప్పే బూట్లు తప్పనిసరి. గడ్డిలో విషపు పాములు ఉండే చోటు కాబట్టి చెప్పులతో బాట దిగనివ్వకూడదు.

ప్రవేశ రుసుము 13 ఏళ్లు నిండినవారికి మాత్రమే. టెక్సస్ స్టేట్ పార్కులన్నిటిలోనూ 12 ఏళ్లు, ఆ లోపు పిల్లలకు రోజు ప్రవేశం ఉచితం. ఏడాదిలో తరచుగా వెళ్లేవారికి రాష్ట్రమంతటా చెల్లే వార్షిక పాసు తీసుకోవడమే లాభం. శని, ఆదివారాల్లో, ముఖ్యంగా వాతావరణం బాగున్న రోజుల్లో పార్కు నిండిపోయి గేటు దగ్గర ఆపేయడం మామూలు. రోజు పాసును ముందుగానే ఇంటర్నెట్టులో ఖాయం చేసుకుని బయలుదేరడం క్షేమం. సంచులు పరిమితంగానే ఉంటాయి కాబట్టి, వాటి కోసమే వెళ్లేవారు పార్కుకు ముందుగా ఫోన్ చేసి ఉన్నాయో లేవో కనుక్కోవాలి, తిరిగి ఇవ్వవలసిన వేళ అడిగి తెలుసుకోవాలి. భోజనానికి పార్కులో హోటళ్లు లేవు. పులిహోర, పెరుగన్నం డబ్బాలు వెంట తీసుకెళ్లి చెట్ల కింద బల్లల దగ్గర తినవచ్చు. మెతుకులు కింద రాల్చకుండా తుడిచి తీసుకురావడం మాత్రం మరవకూడదు, మొసలికి చెప్పిన సూత్రం రకూన్‌కూ వర్తిస్తుంది.

ఆరు నుంచి పదేళ్ల మధ్య పిల్లలున్న ఇంటికి ఈ సంచిని ఏ సంకోచమూ లేకుండా సిఫార్సు చేస్తాను. అయిదేళ్ల లోపు పిల్లలైతే సంచి లేకపోయినా నష్టం లేదు, ఒక భూతద్దమూ నేచర్ సెంటరూ వారికి చాలు. పన్నెండు దాటిన పిల్లలకు బ్యాడ్జి మీద మోజు ఉండదు. వాళ్లను తీసుకెళ్తే సంచిని పక్కనబెట్టి, వారాంతాల్లో వాలంటీర్లు నడిపించే కార్యక్రమాల్లో చేర్చండి. పది మంది పిల్లల బృందంతో పుట్టినరోజు విహారంగా వెళ్లాలనుకునేవారికి నేను వద్దనే చెబుతాను. అంత మంది కేకల మధ్య ఏ పక్షీ దగ్గర నిలబడదు, గట్టు పక్కన అంతమందిని 30 అడుగుల దూరంలో ఉంచడం ఇద్దరు ముగ్గురు పెద్దల వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద చొప్పున ఉండేలా చూసుకుని, చిన్న గుంపుగా వెళ్లండి.